తొందరగా లావెక్కే చెట్టు

జోధ్‌పూర్,
ఏప్రిల్ 9.

భాభీసాకి,

నీ ఆడపడుచు హంజా రామ్‌రామ్ చెప్పి రాస్తున్నది.

ఫోన్ చెయ్యక ఈ కాగితాలెందుకని అనుకోకు. మన ఇంటి ఫోను మా అన్న జేబులో ఉంటుంది. నీతో మాట్లాడాలంటే ముందు ఆయనతో మాట్లాడాలి. తర్వాత నువ్వు మాట్లాడుతుంటే ఆయన పక్కనే నిలబడి వింటాడు. నేను నీకు పంతం పట్టి అక్షరాలు నేర్పింది ఆయన వినడానికి కాదు. పైగా ఇప్పుడు ఊరి సర్పంచివి నువ్వు. సర్పంచి అన్నాక ఉత్తరాలు రావాలి.

నాకు పని దొరికింది. చెట్ల చదువు చదివి ఏం చేస్తావు, గొర్రెలకి పాఠాలు చెప్తావా అనేవాడుగా మా అన్న. చెప్పు ఆయనకి. మరుఛాయ అని ఒక కంపెనీ. సముద్రాల అవతల ఒక సిమెంటు ఫ్యాక్టరీ పగలూ రాత్రీ పొగ వదులుతుంది. ఆ పొగలోని కార్బన్‌ని చెట్లు పీల్చుకుని మానులోనూ వేళ్ళలోనూ దాచుకుంటాయి. వాళ్ళు తమ పొయ్యి మాత్రం ఆర్పరట. దానికి బదులు మన ఎడారిలో చెట్లు పెట్టిస్తారట. వాళ్ళు తిన్నది అరగడానికి మనం నడవాలన్నమాట. ఆలోచిస్తే కాస్త వెగటుగానే ఉంటుంది. కానీ ఎవరి పొగైతేనేం, మన నేల మీద చెట్లు లేస్తాయిగా అని సరిపెట్టుకున్నాను.

ఏ చెట్లు పెట్టాలో ఎంచడం నా పని. మొదటి రోజే మా పెద్దాయన భండారీ పిలిచి, "మేడమ్, ఏ చెట్టు తొందరగా లావెక్కుతుంది?" అన్నాడు. ఏది బతుకుతుందని కాదు, ఏది లావెక్కుతుందని. సంతలో పొట్టేలు వీపు నిమిరి చూసేవాడిలా అడిగాడు. ఆ గదిలో నేలంతా ప్లాస్టిక్ పచ్చగడ్డి పరిచారు భాభీసా. దాని మీద చెప్పులతో నడుస్తుంటే ఒళ్ళు జలదరించింది.

నా జాబితా ఇది: ఖేజ్‌డీ, రోహిడా, కుమట్, జాల్, రేగు. అన్నీ నెమ్మదిగా పెరిగేవే. కానీ పైన జానెడు ఉంటే కింద నిలువెత్తు వేరు దింపుతాయి, ఒకసారి నిలబడ్డాక నీళ్ళడగవు. స్థలం జైసల్మేర్ జిల్లాలోనే ఎక్కడో అన్నారు, ఇంకా చెప్పలేదు. పుస్తకాల్లో లేనిది నీకు తెలుసు, ఇరవై ఏళ్ళు మంద వెనక తిరిగినదానివి. నేను ఏం మర్చిపోయానో రాయి.

హంజా


ధోలాసర్,
ఏప్రిల్ 27.

బాయీసాకి గవరీ రామ్‌రామ్.

నీ ఉత్తరం పోస్టుమాన్ మీ అన్న చేతికిచ్చాడు. సర్పంచి పేర వచ్చిందిగా, నాకివ్వాలి కదా అంటే, "సర్పంచి గారికే ఇచ్చాను కదమ్మా" అన్నాడు. ఊళ్ళో అందరి లెక్కా అదే. నేను ముద్రని, మీ అన్న చెయ్యి. చింపి చూశాడు కానీ నీ గిలుకుడు రాత ఆయనకి అందలేదు. "ఏం రాసింది, చదువు" అని నాకే ఇచ్చాడు. ఆయన గురించి రాసిన ముక్కలు మింగేసి మిగతాది చదివాను. ఇకమీదట బడి అడ్రసుకి రాయి. పంతులమ్మ విమలాజీ జాగ్రత్తగా అందిస్తుంది.

నీ జాబితా బాగుంది. వంక పెట్టక ఊరుకుంటే వదిననెలా అవుతాను, విను. రోహిడాని గొర్రెలు చిన్నప్పుడే కొరికేస్తాయి, మూడేళ్ళు కంచె కావాలి. జాల్ చెట్టు నువ్వు పెడితే రాదు, పిట్ట తిని రెట్టేస్తే వస్తుంది. నాటే మనిషి కంటే దానికి పిట్ట మీదే నమ్మకం. విలాయతీ తుమ్మ పేరు రాయలేదు, బతికించావు. మొన్న మన నల్లగొర్రె గిట్టలో దాని ముల్లు దిగి చీము పట్టింది. పిండుతుంటే వచ్చిన కంపుకి రెండు రోజులు రొట్టె సయించలేదు నాకు.

అసలుది మర్చిపోయావు. గడ్డి! సేవణ్ గడ్డి ఒక్క దుబ్బు పీకి చూడు, నీ చెయ్యంత వేళ్ళు ఇసకని కౌగిలించుకుని ఉంటాయి. మా అత్త కాపురానికొచ్చిన నాటి దుబ్బులు ఇంకా ఉన్నాయి మన దేవుడి నేల ఒరణ్‌లో. నీ కార్బన్ అనేది వేళ్ళలో దాక్కునేదైతే అక్కడ ఎంత దాక్కుని ఉందో ఎవరైనా చూశారా? చెట్టు పెడతామని ఆ గడ్డిని దున్నితే ఇంట్లో దీపం ఆర్పి వీధిలో వెలిగించినట్టు.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. మీ అన్న కొత్త బూట్లు వేసుకుని తిరుగుతున్నాడు. ఎవరో ఇనప కడ్డీలు పట్టుకొచ్చి ఒరణ్ వైపు కొలతలు వేసుకుని వెళ్ళారు. పంచాయతీ పనేదో అన్నాడు. ఎక్కువ అడగలేదు.

ఒంట్లో ఎలా ఉంది? హాస్టలు పప్పు తిని ఎండిపోకు.

గవరీ


జోధ్‌పూర్,
జూన్ 14.

భాభీసా,

స్థలం పేరు తెలిసింది. భండారీ బల్ల మీద పటం పరిచి, "ఇదిగో మేడమ్, మూడొందల హెక్టార్లు, బంజరు" అన్నాడు. వంగి చూశాను. మన ఒరణ్. మన దేవుడి పేర వదిలేసిన నేల. ఎండిన కొమ్మ ఏరినా అమ్మ నా చేతులు కడిగించి దండం పెట్టించిన నేల. రెవెన్యూ కాగితంలో దాని పేరు 'బంజరు'. వాళ్ళ దృష్టిలో మనుషులు దున్నని నేలంతా బంజరే. తొమ్మిది వందల గొర్రెలూ డెబ్భై ఒంటెలూ ఏం తిని బతుకుతున్నాయో ఎవరూ అడగలేదు.

"ఇక్కడ సేవణ్ ఉంది, దీన్ని దున్నకూడదు" అన్నాను. నువ్వు రాసిన మాటే చెప్పాను, గడ్డి వేళ్ళలో ఇప్పటికే ఎంతో ఉందని. నవ్వాడు. "గడ్డిని ఎవరు ఫొటో తీస్తారు మేడమ్?"

నా జాబితా కూడా కొట్టేశారు. ఖేజ్‌డీ పదేళ్ళకి కూడా మోకాలెత్తే ఉంటుందట, సిమెంటు వాళ్ళు అంతకాలం ఆగరట. ఇజ్రాయెలీ తుమ్మ, సఫేదా, ఈ రెండే. వానే పడని చోట సఫేదా! ఆ నీలగిరి నీళ్ళు తాగడం నువ్వు కాలవ గట్ల మీద చూశావు కదా. ఒక్కో మొక్కకీ ట్యాంకరుతో పోస్తారట. ట్యాంకరు వదిలే పొగని ఏ చెట్టు పీలుస్తుందో నేను అడగలేదు. అడిగితే దానికీ ఒక చెట్టు రాసేవాడు.

ఇదంతా ఒక ఎత్తు. పటం కింద ఇంకో కాగితం ఉంది. ఊరికి ఏ అభ్యంతరమూ లేదని పంచాయతీ ఇచ్చిన పత్రం. అడుగున సర్పంచి సంతకం. గుండ్రటి 'గ', పక్కకి ఒరిగిన 'రీ'. ఆ ఒరగడం నేను ఎన్నిసార్లు దిద్దించినా నీకు పోలేదు.

ఎంచి ఎంచి నేను నేర్పిన అక్షరాలు దీనికా వాడావు? తేదీ చూశాను. ఏప్రిల్ 20. నాకు గడ్డి గురించి అంత అందంగా రాసిన ఉత్తరానికి వారం ముందు. కొత్త బూట్లు, కొలత కడ్డీలు... అన్నీ తెలిసే నాటకం ఆడావు.

హంజా


ధోలాసర్,
జులై 19.

డాక్టర్ హంజా దేవాసీ గారికి,
ధోలాసర్ సర్పంచి గవరీ నమస్కరించి రాయునది.

అవును, సంతకం నాదే. ఎలా పెట్టానో వినే ఓపిక తమరికుంటే వినండి.

ఆ రోజు పంచాయతీ గదిలో పదకొండు మంది మగాళ్ళు కూర్చున్నారు. మీ అన్న, తమరి భండారీ, ఊరి పెద్దలు. నన్ను ఒక పక్కన చాప మీద కూర్చోబెట్టారు, ముసుగు గడ్డం దాకా లాక్కుని. కాగితం ముందు పెట్టారు. ముసుగులోంచి అక్షరాలు కనపడవు బాయీసా. ఎర్రగా మసకలు తప్ప ఏమీ కనపడదు. "ఏముంది ఇందులో?" అన్నాను మెల్లిగా. "మొక్కలు పెడతారట. పుణ్యం. పెట్టు" అన్నాడు మీ అన్న. "ఎక్కడ?" అన్నాను. "ఏంటి, కలెక్టరమ్మలా అడుగుతున్నావ్?" అన్నాడు. అందరూ నవ్వారు. ముసుగెత్తి చదువుతానని అనే నోరు నాకు లేకపోయింది. పెట్టాను. ఇంటికొచ్చి నా చేతిని బూడిదతో తోముకున్నాను, గిన్నె తోమినట్టు. అది తమరికి రాయడానికి సిగ్గేసింది. నాటకం అంటే అదే.

సరే. నా సంగతి అయింది.

ఈ నెల నాలుగున తొలివాన పడింది. ఆరున ట్రాక్టర్లు వచ్చాయి. సేవణ్ అప్పుడే పచ్చబడుతోంది, దుబ్బు మొదళ్ళలో చిగుళ్ళు కనపడుతున్నాయి. వాటిని వేళ్ళతో సహా తిరగేశాయి. మూడు రోజులు. గాలిలో దుమ్ము ఎలా లేచిందంటే రొట్టెలో ఇసక, మజ్జిగలో ఇసక, కళ్ళలో ఇసక. ఆ దుమ్మే కదా నిన్నటిదాకా నేల? వేళ్ళు తెల్లగా ఎండలో పడి ఉంటే మన సాంగీ బువా, ఎనభై ఏళ్ళ మనిషి, వాటిని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. లెమ్మంటే లేవలేదు.

తర్వాత ముళ్ళకంచె. తర్వాత మొక్కలు, నల్ల ప్లాస్టిక్ సంచుల్లో. సంచులు తీసి అక్కడే పారేశారు. మన మూడు గొర్రెలు తిన్నాయి. ఒకటి పొట్ట ఉబ్బి చచ్చింది. కోసి చూస్తే కడుపులో నల్లటి ముద్ద. ఆ వాసన నేను రాయలేను.

అన్నిటికంటే పైన కంచె దగ్గర ఒక బోర్డు పాతారు. ఆకుపచ్చ రంగు, తెల్ల అక్షరాలు. ఊళ్ళో చదవగలిగిన వాళ్ళం నలుగురం కదా, నేనే చదివి అందరికీ వినిపించాను. 'మరుఛాయ హరిత వనం. ఇజ్రాయెలీ తుమ్మ, సఫేదా. జాతుల ఎంపిక, ఆమోదం: డాక్టర్ హంజా దేవాసీ.' కింద తమరి సంతకం కూడా దింపారు, పెద్దగా. 'హ' తోక చాలా బాగుంది. నాకు నేర్పింది అదే తోక.

జాబితా కొట్టేశారని రాశారు. కొట్టేసిన దాని కింద సంతకం ఎవరు పెట్టారో రాయలేదు. తమరికి ముసుగు కూడా లేదే!

గవరీ


జోధ్‌పూర్,
ఆగస్టు 3.

భాభీసా,

బోర్డు మీది సంతకం నాదే.

పెట్టాను. జూన్ పదిన, నీకు ఆ ఉత్తరం రాయడానికి నాలుగు రోజుల ముందు. నీ సంతకం కనపడగానే నాకు లోపల ఒక రకం సంతోషం కలిగింది, తెలుసా? నాలాంటిదే ఇంకొకతె ఉందని. దాన్నే కోపంగా మార్చి నీ మీద చల్లాను. ఇది ఒప్పుకోవడానికి నాలుగు కాగితాలు చింపాను.

భండారీ అరవలేదు, బెదిరించలేదు. టీ తెప్పించి, బిస్కెట్ల పళ్ళెం నా వైపు జరిపి, "మీరు పెట్టకపోతే ఢిల్లీ నుంచి ఇంకొకాయన పెడతాడు. మీరుంటే కనీసం కంచె వెంబడి రెండు వరసలు ఖేజ్‌డీ పెట్టిస్తాను, మాట" అన్నాడు. రెండు వరసల కోసం పెట్టాను. ఆ రెండు వరసలు పెట్టారా? అడగడానికి కూడా సిగ్గుగా ఉంది.

నా పేరు మీద బోర్డు ఉందంటే ఇక్కడ స్నేహితులు పార్టీ అడిగారు. అద్దంలో నా మొహం నాకే జిడ్డుగా కనపడుతోంది. నన్ను తమరు అనకు. తిట్టు. తమరు అనొద్దు.

హంజా


ధోలాసర్,
అక్టోబరు 21.

బాయీసా,

రెండున్నర నెలలు రాయలేదు. కోపం చల్లారాక రాద్దామనుకున్నాను. చల్లారలేదు కానీ రాయక తప్పని పని పడింది.

ఖేజ్‌డీ వరసలు పెట్టలేదు. అడిగావు కాబట్టి చెప్తున్నాను.

మొక్కలు చచ్చాయి. సఫేదా ఒక్కటి కూడా మిగల్లేదు. తుమ్మలు పదింట్లో ఒకటి ఉందేమో. ట్యాంకరు మన నీళ్ళ గుంట నాడిలోంచే తోడింది. వానాకాలం చివరికి మోకాల్లోతు ఉండాల్సిన గుంటలో ఇప్పుడు బురద, అందులో చచ్చిన కప్పలు. ఆ బురదని గుడ్డలో వడకట్టి ఇంటికి తెచ్చుకుంటున్నాం. మేత లేక నీళ్ళు లేక భీఖా కాకా వాళ్ళు, ఇంకా ఆరు కుటుంబాలు, మందలతో మాళ్వా దారి పట్టేశారు. ఎప్పుడూ హోలీకి ముందు కదిలేవాళ్ళు, ఈసారి దీపావళి కూడా చూడలేదు.

ఇది కూడా కాదు నేను రాయాలనుకున్నది.

వచ్చే నెల ఎవరో దొరసాని వస్తుందట, చెట్లు నిజంగా ఉన్నాయా లేదా చూసి ముద్ర వెయ్యడానికి. నిన్న పొద్దున మీ అన్న పది మంది కూలీలని, గొడ్డళ్ళని తీసుకుని ఒరణ్‌లో దున్నకుండా మిగిలిన మూలకి వెళ్ళాడు. అక్కడి ముసలి ఖేజ్‌డీలు నీకు తెలుసు. వాటి కొమ్మలు నరికారు. నడుమెత్తు కొమ్మలు, ఆకు నిండుగా ఉన్నవి చూసి చూసి నరికారు. చచ్చిన మొక్కల గుంతల్లో గుచ్చుతున్నారు, తడిపి. ఇవాళ ఒక వరస గుచ్చి ఎన్నాళ్ళు పచ్చగా ఉంటుందో చూస్తున్నారట. ఆమె వచ్చే ముందు రోజు మిగతావి గుచ్చుతారు.

బతికున్న చెట్టుని నరికి, చచ్చిన చెట్టు వేషం వేయించి నిలబెడుతున్నారు. దేవుడి చెట్టుని!

నేను వెళ్ళి మీ అన్న ముందు నిలబడ్డాను. "ఏం చేస్తున్నావు?" అన్నాను. "కొమ్మలే కదే, మళ్ళీ వస్తాయి" అన్నాడు. నుదుటి చెమట తుడుచుకుంటున్నాడు, కష్టపడ్డవాడిలా. "మీ అమ్మ బతికుంటే నీ చేతిలో మంచినీళ్ళు తాగేది కాదు" అన్నాను. చెయ్యెత్తాడు. కూలీలు చూస్తున్నారని దించాడు. పదహారేళ్ళు కాపురం చేశాను ఆ మనిషితో. నిన్న మొదటిసారి ఆయన పక్కన నిలబడితే కుళ్ళిన తోలు వాసన వచ్చింది నాకు.

సాంగీ బువా, మేం ఆడవాళ్ళం, పేడ ముద్దలు చేసుకుని వెళ్ళి నరికిన చోటల్లా మెత్తాం. చేతికందినంత వరకు. పైవి అలాగే ఉన్నాయి.

దొరసానిని తీసుకుని నువ్వే వస్తున్నావట, చెట్లు చూపించడానికి. నిజమేనా?

గవరీ


జోధ్‌పూర్,
నవంబరు 2.

భాభీసా,

నిజమే. పన్నెండో తారీకు. ఆవిడ ఏం అడిగినా చెట్ల సంగతి నేనే జవాబు చెప్పాలని భండారీ ఆజ్ఞ. వర్షాలు ఆలస్యమయ్యాయి, అయినా మొక్కలు నిలదొక్కుకున్నాయి, ఇదీ నేను చెప్పాల్సిన వాక్యం. బట్టీ పట్టించాడు.

కొమ్మల సంగతి చదివి కాగితం పక్కన పడేశాను. మళ్ళీ తీశాను. మా అన్న! చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఆ చెట్ల సాంగ్రీ కాయలు కోయించినవాడు.

ఏం చేస్తానో నాకే తెలీదు. ధైర్యంగా ఉంటానని రాస్తే అబద్ధమవుతుంది. ఆ రోజు నువ్వు బయటికి రాకు. నన్ను అక్కడ, ఆ కారు పక్కన, నువ్వు చూడటం నాకిష్టం లేదు.

హంజా


ధోలాసర్,
నవంబరు 13.

హంజా,

జరిగింది నీకు నేను చెప్పాలా అనుకోకు. నువ్వు సగంసేపు కారు వైపు తిరిగి నిలబడ్డావు. చూడనిది చెప్తాను.

బడి పిల్లల చేతికి జెండాలిచ్చి నిలబెట్టారు. దొరసాని గడ్డి టోపీ పెట్టుకుని, చేతిలో పుస్తకంతో వరసల్లోకి వచ్చింది. మంచి మనిషిలానే ఉంది, వంగి వంగి చూసింది. భండారీ ఆమెని కొమ్మలు గుచ్చని ఖాళీ గుంతల వైపు రానివ్వకుండా పక్కనే నడిచాడు. నేను ఇంట్లో ఉండలేకపోయాను. సర్పంచిని కదా, దండ వెయ్యడానికి పిలవాల్సినదాన్ని, పిలవకపోయినా వెళ్ళాను. మగాళ్ళ మధ్యలోంచి వెళ్ళాను. వెళ్తూ వెళ్తూ ముసుగు వెనక్కి తోసేశాను. ఎందుకో తెలీదు, కాలి కింద నేల కనపడాలనిపించింది. మీ అన్న "ఏయ్" అన్నాడు. ఆగలేదు.

దొరసాని ఎదురుగా ఉన్న మొక్కని పట్టుకుని లాగాను. చేతిలోకి వచ్చేసింది. వేరు లేదు. గొడ్డలి వేటు పడ్డ మొదలు, పక్కకి కోసిన కట్టెలా. పక్కది లాగాను. ఇంకోటి. ఆరు లాగాను. "ఇవి చెట్లు కావమ్మా, మా దేవుడి చెట్ల చేతులు" అన్నాను. ఆమెకి నా మాట అందదు కదా. నీ వైపు తిరిగింది.

భండారీ ఇంగ్లీషులో ఏదో గబగబా అన్నాడు. విమలాజీ తర్వాత చెప్పింది, కొమ్మ నాటి పెంచే పద్ధతి ఇది, ఈ ప్రాంతపు పాత ఆచారం అన్నాడట. దొరసాని వాడిని వదిలేసి నిన్నే అడిగింది, ఇలా గుచ్చితే వేళ్ళేస్తాయా అని. అందరూ నీ నోటి వైపు చూశారు. నేనూ చూశాను.

నువ్వు అన్నావు: "కొన్ని జాతులు వేస్తాయి."

అంతే అన్నావు. అబద్ధం కాదట, విమలాజీని అడిగాను. వేసే చెట్లు ఎక్కడో ఉన్నాయట. ఎంత చదివితే వస్తుంది బాయీసా ఇలాంటి మాట? మీ అన్నది గొడ్డలి, కనపడుతుంది. నీది కనపడను కూడా కనపడదు.

దొరసాని పుస్తకంలో రాసుకుంది. నువ్వు కారెక్కావు. కారు వెళ్ళాక నేను ఇసకలో ఉమ్మేశాను. నీ మీద, నా మీద, అందరి మీద.

ఇక రాయకు.

గవరీ


జోధ్‌పూర్,
డిసెంబరు 6.

భాభీసా,

రాయొద్దన్నావు. ఇది చదవకుండా చింపేసినా పోస్టు చేస్తాను.

కారులో భండారీ నా భుజం తట్టి, "శభాష్, డాక్టర్!" అన్నాడు. పోకరణ్ దాటాక కారు ఆపమని రోడ్డు పక్కన కక్కుకున్నాను. దొరసాని నీళ్ళ సీసా ఇచ్చి వీపు రాసింది. ఆమె చెయ్యి నా వీపు మీద ఉన్నంతసేపూ చెప్పెయ్యాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. భండారీ కారులోనే ఉన్నాడు. అది సాకు. నీ నోటికి ఆ రోజు అడ్డం రానిది నా నోటికి ఎందుకొచ్చింది?

వారం గడిచింది. తర్వాత కూర్చుని ఆవిడ సంస్థకి ఉత్తరం రాశాను. పదకొండు పేజీలు. ఖేజ్‌డీ కొమ్మ నరికి ఇసకలో గుచ్చితే వేళ్ళెయ్యదనీ, నేను అన్న మాట తెలిసి తెలిసి మోసం చెయ్యడానికి అన్నదనీ రాశాను. మొదట నేను ఇచ్చిన జాబితా, అది కొట్టేశాక నేను సంతకం పెట్టిన జాబితా, రెండూ జతచేశాను. దున్నక ముందు గడ్డి వేళ్ళ కింద ఎంత కార్బన్ ఉండి ఉంటుందో, దున్నాక ఎంత గాలిలో కలిసిందో లెక్క కట్టాను. కంపెనీ చెట్లు ఇరవై ఏళ్ళు బతికినా ఆ పోయింది తిరిగి రాదని రాశాను. మూడు రోజుల ట్రాక్టరు పని! కింద నా పూర్తి పేరు, ఊరు, తండ్రి పేరు రాశాను. ఈసారి సంతకం పెట్టేముందు మూడుసార్లు చదివాను.

ఒక నకలు భండారీ బల్ల మీద నేనే పెట్టి వచ్చాను. చదివి, "మీరు ఇంత చదువుకున్నారు, ఇంత మూర్ఖత్వమా" అన్నాడు. నా బీరువా తాళం అడిగాడు. ఇచ్చాను. ఇక ఈ ఊళ్ళో ఎవరూ నాకు ఉద్యోగం ఇవ్వకుండా చూస్తానన్నాడు, చూస్తాడు కూడా. హాస్టలు ఖాళీ చేసి ఒక స్నేహితురాలి గదిలో ఉన్నాను. దిగువ అడ్రసు.

క్షమించమని అడగను. ఇది చేసినందువల్ల నా మీద నాకు రోత తగ్గలేదు. నిజం చెప్పడానికి సరైన సమయం ఒకటే ఉండింది, అది ఆ ఇసకలో నువ్వు కొమ్మ పట్టుకుని నా వైపు చూసినప్పుడు. దాన్ని ఎన్ని పేజీలూ పూడ్చవు.

హంజా


ధోలాసర్,
ఫిబ్రవరి 17.

బాయీసాకి గవరీ రామ్‌రామ్.

చింపలేదు. చదివి దాచాను, చాలా రోజులు జవాబు రాయబుద్ధి కాలేదు. నువ్వు రాసింది నిజమే, ఆ సమయం పోయింది. దాని గురించి ఇక మనిద్దరం మాట్లాడుకోవద్దు. నేను మర్చిపోను. నువ్వూ మర్చిపోకు.

ఇక్కడి సంగతులు. దొరసాని సంస్థ ముద్ర వెయ్యనన్నదట. నీ పదకొండు పేజీలే కారణమని మీ అన్న నాలుగు రోజులు ఇల్లంతా అదరగొట్టాడు. జనవరిలో గ్రామసభ పెట్టించాను. చాప మీద కాదు, కుర్చీలో కూర్చున్నాను. ముసుగు లేదు. ఏప్రిల్‌లో నేను సంతకం పెట్టిన కాగితం తెప్పించి మొదటినుంచి చివరిదాకా గట్టిగా చదివాను. నలభై ఏళ్ళు కౌలు, మేపడం నిషేధం, లోపలికి పశువు వస్తే జరిమానా. ఒక్కో ముక్క చదువుతుంటే పెద్దలు నేలకేసి చూశారు. వాళ్ళకీ తెలీదట. పదకొండు మంది మగాళ్ళలో ఒక్కడూ చదవలేదట! "ఈ సంతకం నాది, చదవకుండా పెట్టాను, వెనక్కి తీసుకుంటున్నాను, చేతులెత్తండి" అన్నాను. ముందు ఆడవాళ్ళు ఎత్తారు. తర్వాత మిగతావాళ్ళు, సిగ్గుకి. అదైనా చాలు.

కంచె పీకేశాం. కంపెనీ వాళ్ళు కోర్టు అన్నారు, నోటీసు కూడా పంపారు, తర్వాత చడీచప్పుడూ లేదు. గుంతలు అలాగే ఉన్నాయి, ఎండిన కొమ్మలు అలాగే నిలబడి ఉన్నాయి, నల్ల సంచులు గాలికి కొట్టుకుంటున్నాయి. సంచులు ఏరడానికే నెల పట్టింది, ఇంకా ఉన్నాయి. దున్నిన చోట సేవణ్ ఒక్క పోచ రాలేదు. రెండు వానలు చూడాలి అంటుంది సాంగీ బువా. తను చూస్తుందో లేదో. మాళ్వా వెళ్ళిన ఏడు కుటుంబాల్లో రెండు ఇక తిరిగి రామని కబురు పెట్టాయి. మందలు అమ్మేశారట.

మీ అన్న ఇంట్లోనే ఉంటున్నాడు. రొట్టె పెడుతున్నాను, తింటున్నాడు. నేను ఆయన చేతుల వైపు చూడను. ఇంతకంటే చెప్పడానికి లేదు.

ఇప్పుడు ఈ ఉత్తరం ఎందుకంటే, మరుఛాయ వాళ్ళు మోడియాలాలో దిగారు. మనకి అరవై కిలోమీటర్లు. అక్కడ మనకంటే మంచి సేవణ్ ఉంది, ఎండాకాలం ఒంటెలు అక్కడికే వెళ్తాయి. అదే సఫేదా, అదే తుమ్మ. ఈసారి ఎంపిక కింద ఎవరో ఢిల్లీ డాక్టరు పేరు. కొలత కడ్డీలు పాతేశారట. ఆ ఊరి సర్పంచి కూడా ఆడమనిషే, పేరు తీజూ. వాళ్ళాయనే అన్నీ చూస్తాడట. ఆమెకి చదవడం రాదట.

కాగితం ఆమె ముందుకి శుక్రవారం వస్తుందని తెలిసింది. నేను గురువారం వెళ్తున్నాను. ఆమె వంటింట్లో కూర్చుని ఆ కాగితం మొత్తం చదివి వినిపిస్తాను, వాళ్ళాయన గుమ్మంలో నిలబడి అరిచినా సరే. చెట్ల సంగతి ఆమె అడిగితే నాకు తెలిసింది చెప్తాను. వేళ్ళ కింద ఏముందో లెక్క చెప్పమంటే నాకు రాదు. అది నీకు వచ్చు.

పోకరణ్ బస్టాండులో ఎనిమిదింటికి మోడియాలా బస్సు. టీ కొట్టు పక్కన ఉంటాను. వస్తే రా. రాకపోతే బస్సు ఆగదు, నేనూ ఆగను.

గవరీ